యాక్సిలరేటర్ వదిలినా రేసింగ్ తగ్గడం లేదా? కార్బరేటర్ బైక్‌లో ఐడిల్ పెరగడం వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా

కార్బరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు ఇచ్చే భాగం) ఉన్న బైక్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా ఇంజిన్ రేసింగ్‌లోనే, అంటే అవసరానికి మించిన వేగంలోనే ఉంటే, వెళ్లాల్సిన దానికంటే ఎక్కువ గాలి ఎక్కడి నుంచో లోపలికి వెళ్తోందని అర్థం. దీనికి ముఖ్యమైన దారులు మూడు: పూర్తిగా మూసుకోని థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు), పూర్తిగా వెనక్కి రాని చోక్ (చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయడానికి వాడే ఏర్పాటు), కార్బరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య లీక్. మూసుకుపోయిన పైలట్ జెట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోల్ ఇచ్చే సన్నటి రంధ్రం) కూడా రేసింగ్‌కు కారణమవుతుంది, కానీ అది ఐడిల్ స్క్రూను (థ్రాటిల్ ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించే స్క్రూను) ఎక్కువగా తిప్పిన తర్వాతే ఆ రూపంలో బయటపడుతుంది. రేసింగ్ ఎప్పుడు, ఏ తీరుగా వస్తోందో గమనించి ఆ తర్వాతే స్క్రూల మీద చెయ్యి వేస్తే లోపం త్వరగా దొరుకుతుంది.

ఐడిల్ ఎంత ఉంటే ఎక్కువ?

యాక్సిలరేటర్ వదిలి, గేరు న్యూట్రల్‌లో పెట్టినప్పుడు ఇంజిన్ ఆగకుండా తనంతట తాను తిరిగే వేగాన్ని ఐడిల్ అంటారు. చిన్న సింగిల్ సిలిండర్ బైకుల్లో ఇది సాధారణంగా 1,300 నుంచి 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య ఉంటుంది. నాలుగు సిలిండర్ల పెద్ద ఇంజిన్లు ఇంతకంటే తక్కువలో కూడా నిలకడగా తిరుగుతాయి. ఏ బండికి ఎంత ఉండాలో దాని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ అంకెకు 100 ఆర్‌పీఎం అటూ ఇటూ ఉన్నా కంగారు పడనక్కర్లేదు.

కొలిచే సమయం కూడా ముఖ్యమే. చల్లగా ఉన్న ఇంజిన్‌ను చోక్ వేసి స్టార్ట్ చేస్తే 2,000 దాటడం లోపం కాదు, చోక్ పని అదే. పది నిమిషాలు బండి నడిపి, ఇంజిన్ బాగా వేడెక్కాక, చోక్ పూర్తిగా తీసేసి చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. చల్లటి ఇంజిన్ మీద ఐడిల్ సెట్ చేయించుకుని, వేడెక్కాక రేసింగ్ పెరిగిందని మళ్లీ వర్క్‌షాప్‌కు వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. అలాంటి బండిలో చెడిపోయింది ఏమీ ఉండదు. ఇంజిన్ ఆయిల్ పలచబడి లోపలి రాపిడి తగ్గింది, పెట్రోల్ బాగా ఆవిరై మండుతోంది, అంతే.

నిజంగానే ఐడిల్ ఎక్కువగా ఉంటే దాని ప్రభావం పెట్రోల్ ఖర్చుతో ఆగదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ బండిని పట్టి ఆపే గుణం తగ్గిపోతుంది, ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. న్యూట్రల్ నుంచి ఫస్ట్ గేరు వేసిన ప్రతిసారీ టక్కుమని గట్టిగా తగులుతుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఎయిర్ కూల్డ్ ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. గేర్లు లేని స్కూటర్లలో ఇది ఇంకా ప్రమాదం. వాటిలో క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి తనంతట తానే పట్టుకుంటుంది కాబట్టి, ఐడిల్ ఆ హద్దు దాటితే బ్రేక్ వదలగానే బండి ముందుకు కదిలిపోతుంది. స్కూటర్‌ను మెయిన్ స్టాండ్ వేసి స్టార్ట్ చేసినప్పుడు వెనక చక్రం జోరుగా తిరుగుతూ, బ్రేక్ వేసి ఆపినా మళ్లీ అందుకుంటోందంటే ముందుగా ఐడిల్‌ను అనుమానించాలి.

వేగాన్ని నడిపేది గాలి

యాక్సిలరేటర్ తిప్పితే పెట్రోల్ ఎక్కువగా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. కార్బరేటర్‌లో చెయ్యి ప్రధానంగా కదిపేది గాలి దారిలో ఉన్న తలుపును, అంటే థ్రాటిల్‌ను. కొన్నింటిలో అది పైకీ కిందికీ జరిగే స్లైడ్, మరికొన్నింటిలో అడ్డంగా తిరిగే రేకు, అంటే బటర్‌ఫ్లై. తలుపు తెరుచుకుంటే గాలి వస్తుంది, ఆ గాలి జెట్‌ల (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాల) గుండా పెట్రోల్‌ను లాక్కుంటుంది. కాబట్టి రేసింగ్ సమస్యలో అడగాల్సిన మొదటి ప్రశ్న పెట్రోల్ ఎంత వెళ్తోందని కాదు, గాలి ఎక్కడి నుంచి వస్తోందని.

చిన్న లీక్ ఇంత పెద్ద గొడవ ఎందుకు చేస్తుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. 150 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి, 1,400 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 700 సార్లు పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండర్ పూర్తిగా నిండితే 105 లీటర్లు కావాలి. ఐడిల్‌లో తలుపు దాదాపు మూసి ఉంటుంది కాబట్టి అందులో మూడో వంతు వెళ్తుందనుకుందాం, అంటే 35 లీటర్లు. అదే ఇంజిన్ 7,500 ఆర్‌పీఎం దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు, 450 లీటర్ల పైనే పీల్చగలదు. ఇప్పుడు రబ్బరు జాయింట్‌లో ఒక పగులు నుంచి నిమిషానికి 5 లీటర్ల గాలి వెళ్తోందనుకుంటే, ఐడిల్‌లో అది మొత్తం గాలిలో ఏడో వంతు. ఫుల్ థ్రాటిల్‌లో ఒక్క శాతం. పైగా తలుపు తెరిస్తే లోపలి వాక్యూమ్, అంటే గాలిని లాక్కునే బలం, పడిపోతుంది కాబట్టి ఆ పగులు పీల్చే గాలి అప్పుడు ఇంకా తగ్గుతుంది. రోడ్డు మీద చక్కగా పరుగెత్తే బండి సిగ్నల్ దగ్గర మాత్రం గోల చేయడానికి కారణం ఇదే. రోడ్డు మీద బాగుంది కదా, కార్బరేటర్‌లో లోపం ఉండదు అనే వాదన అందుకే నిలవదు.

ఇంకో విషయం కూడా అర్థం చేసుకుంటే మిగతా కథ తేలికవుతుంది. మంచి కార్బరేటర్‌లో తలుపు మూసినప్పుడు ఆ సన్నటి సందు గుండా నిమిషానికి వెళ్లే గాలి పెద్దగా మారదు. ఇంజిన్ వేగంగా తిరుగుతుంటే అదే గాలి ఎక్కువ స్ట్రోకులకు, అంటే ఎక్కువసార్లు పీల్చడానికి, పంచాలి, కాబట్టి ఒక్కో స్ట్రోకుకు దక్కేది తగ్గిపోతుంది. సిలిండర్‌లో మిగిలిపోయిన పొగ వాటా పెరుగుతుంది, మంట బలహీనపడుతుంది, వేగం దానంతట అదే దిగివస్తుంది. యాక్సిలరేటర్ వదలగానే రేసింగ్ చప్పున పడిపోవడం వెనక ఉన్నది ఈ ఏర్పాటే. తలుపు కొద్దిగా తెరిచి ఉన్నా, పక్కనుంచి గాలి లీకై వచ్చినా ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. ఎక్కువ వేగంలో కూడా ఒక్కో స్ట్రోకుకు మండటానికి చాలినంత గాలి దొరుకుతూనే ఉంటుంది. రేసింగ్ గాల్లో వేలాడినట్టు నిలిచి, నెమ్మదిగా దిగుతుంది.

రేసింగ్ తీరు చెప్పే ఆధారాలు

పనిముట్లు తీయకముందే చాలా సంగతులు తెలుస్తాయి. వేడి ఇంజిన్‌ను న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరికి నెమ్మదిగా తిప్పాలి. వేగం మారితే కేబుల్ దగ్గర సమస్య ఉంది, ఇంకేదీ విప్పకుండా ముందు దాన్నే చూడాలి.

హ్యాండిల్ తిప్పినా మార్పు లేదు, వేగం ఎప్పుడూ ఒకేలా ఎక్కువగా ఉంది, కానీ యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి వదిలితే చప్పున అదే అంకెకు దిగివస్తోంది అనుకుందాం. అప్పుడు ఐడిల్ స్క్రూ ఎక్కువగా తిప్పి ఉండవచ్చు, లేదా థ్రాటిల్ ఎక్కడో ఆనుకుని ఆగుతూ ఉండవచ్చు. అలా కాకుండా 2,500 లేదా 3,000 దగ్గర కాసేపు నిలిచి, తర్వాత మెల్లగా దిగుతుంటే గాలి లీక్ లేదా లీన్ మిక్చర్, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందకపోవడం. చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతూ, వేడెక్కాక రేసింగ్‌లో ఉండే బండిలో చాలాసార్లు పైలట్ జెట్ మూసుకుపోయి ఉంటుంది. రేసింగ్‌తో పాటు నల్ల పొగ, పెట్రోల్ వాసన, మసిపట్టిన ప్లగ్ ఉంటే అది గాలి లీక్ కాకపోవచ్చు, చోక్ వైపు చూడాలి.

ఇవన్నీ అనుమానాలే, తీర్పులు కావు. తేల్చిచెప్పే పరీక్ష ఒకటుంది. ఐడిల్ స్క్రూను ఎన్ని చుట్లు తిప్పుతున్నామో లెక్కపెట్టుకుంటూ పూర్తిగా వెనక్కి విప్పాలి. తలుపు నిజంగా మూసుకుంటే, లీక్ లేకపోతే, ఇంజిన్ నీరసించి ఆగిపోవాలి. స్క్రూ థ్రాటిల్‌ను అసలు తాకకపోయినా ఇంజిన్ హాయిగా 2,000 మీద తిరుగుతోందంటే, స్క్రూకు సంబంధం లేని దారిలో గాలి వస్తోందన్నమాట. ఇక ఆ స్క్రూను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

కేబుల్, స్లైడ్, బటర్‌ఫ్లై

ఖర్చు లేని చోట మొదలుపెట్టడం మంచిది. యాక్సిలరేటర్ కేబుల్‌కు కొంత లూజు ఉండాలి. గ్రిప్ అంచు దగ్గర కొలిస్తే చాలా బైకుల్లో 2 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు ఖాళీగా తిరగాలి, ఆ తర్వాతే కేబుల్ లాగడం మొదలుకావాలి. ఈ లూజు లేకపోతే స్లైడ్ పూర్తిగా కిందికి దిగదు. హ్యాండిల్ ఒక పక్కకు తిప్పినప్పుడు కేబుల్ మరింత లాగబడి వేగం పెరుగుతుంది. మలుపులో దానంతట అదే వేగం పెరిగే బండి ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఈ ఒక్క లక్షణం కనిపిస్తే సరిచేసేదాకా బండి బయటికి తీయకూడదు. హ్యాండిల్ మార్చాక, లేదా ట్యాంక్ తీసి మళ్లీ పెట్టాక సమస్య మొదలైతే కేబుల్ వెళ్లే దారి మారిపోయి ఎక్కడో నలుగుతోందని అనుకోవాలి. లోపలి తీగ పోగులు తెగి విచ్చుకున్నా, కవర్ లోపల తుప్పు పట్టినా అది వెనక్కి జారదు. అలాంటి కేబుల్‌కు నూనె వేయడం కంటే మార్చడమే సరైనది.

గ్రిప్‌ను వదిలితే అది టక్కుమని తనంతట తాను మూసుకోవాలి. గ్రిప్ రబ్బరు హ్యాండిల్ చివరి బరువుకు రాసుకుంటున్నా మూసుకోదు. ఇంత చిన్న విషయం గమనించక కార్బరేటర్ మొత్తం విప్పేసే సందర్భాలుంటాయి.

కేబుల్ బాగుంటే కార్బరేటర్ లోపలికి వెళ్లాలి. స్లైడ్ రకం కార్బరేటర్‌లో స్లైడ్ అడుగున ఒక వైపు ఏటవాలుగా కోసి ఉంటుంది. ఆ కోత ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. స్లైడ్ పక్కనున్న గాడి, కార్బరేటర్ గోడకున్న చిన్న మొనకు సరిగ్గా కూర్చోవాలి. శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు దీన్ని తారుమారు చేస్తే స్లైడ్ పూర్తిగా దిగదు, స్టార్ట్ చేయగానే ఇంజిన్ అరవడం మొదలుపెడుతుంది. సర్వీసింగ్ అయిన వెంటనే వచ్చిన విపరీతమైన రేసింగ్‌కు ముందు చూడాల్సింది ఇదే. స్లైడ్ గీతలు పడి గోడకు పట్టేస్తుంటే పైన ఇరుక్కుపోవచ్చు కూడా.

బటర్‌ఫ్లై రకంలో రేకు అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. స్క్రూలు విప్పి రేకును తీసినవాళ్లు తిరగేసి బిగిస్తే అది గుండ్రంగా ఆనదు, ఒక పక్క సందు మిగులుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఆ సందు తెలుస్తుంది. పాతబడ్డ కార్బరేటర్లలో రేకును తిప్పే ఇరుసు దగ్గర కూడా అరుగుదల వస్తుంది. ఇరుసును పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆడుతోందంటే ఆ సందులోంచి కూడా గాలి వెళ్తుంది. ఇరుసు దగ్గర గాలిని ఆపే సీళ్లు కొన్ని మోడళ్లకు విడిగా దొరుకుతాయి, కొన్నింటికి కార్బరేటర్ బాడీనే మార్చాలి.

చోక్ వెనక్కి రాకపోతే

చోక్ అనే పేరు ఒక్కటే అయినా లోపల రెండు రకాలున్నాయి. మొదటి దాంట్లో గాలి దారికి అడ్డంగా ఒక రేకు పడుతుంది. దానితో పాటు ఒక చిన్న లివర్ థ్రాటిల్‌ను కూడా కాస్త తెరుస్తుంది, చల్లటి ఇంజిన్ ఆగిపోకుండా. ఈ లివర్ మురికితో పట్టేసినా, వంగినా చోక్ తీసేశాక కూడా థ్రాటిల్ తెరిచే ఉంటుంది. రెండో రకంలో ఒక చిన్న ప్లంజర్ పైకి లేచి, పెట్రోల్‌కూ గాలికీ వేరే దారి తెరుస్తుంది. ప్లంజర్ చివరనున్న రబ్బరు అరిగినా, చోక్ కేబుల్‌కు లూజు లేక అది పూర్తిగా కూర్చోకపోయినా, ఇంజిన్ ఎప్పుడూ సగం చోక్‌లో ఉన్నట్టే తిరుగుతుంది. ప్లగ్ నల్లగా మారుతుంది, మైలేజీ పడిపోతుంది. కేబుల్‌ను కార్బరేటర్ దగ్గర వదులు చేసి, ప్లంజర్‌ను వేలితో నొక్కి చూస్తే చాలు, వేగం పడిపోతే లోపం దొరికినట్టే.

గాలి లీక్: ఎక్కువగా తప్పించుకునే దొంగ

కార్బరేటర్‌కూ సిలిండర్ హెడ్‌కూ మధ్య సాధారణంగా ఒక రబ్బరు బూట్ గానీ, వేడి పాకకుండా ఆపే ప్లాస్టిక్ ముక్క గానీ ఉంటుంది. దానికి అటూ ఇటూ గాలి పోకుండా సందులు మూసే ఓ-రింగులు, గాస్కెట్, బిగించే క్లిప్పులు ఉంటాయి. ఇంజిన్ వేడికీ పెట్రోల్ ఆవిరికీ ఈ రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడి, సన్నగా పగుళ్లు పడుతుంది. ఓ-రింగు గుండ్రంగా ఉండాల్సింది నొక్కుకుపోయి చదునవుతుంది. పైనుంచి చూస్తే బూట్ బాగున్నట్టే కనిపిస్తుంది. బయటికి తీసి కాస్త వంచితే పగుళ్లు నోరు తెరుస్తాయి.

చిన్న బైకుల్లో ఇంకో లోపం తరచుగా కనబడుతుంది. రెండు బోల్టులతో బిగించే కార్బరేటర్ అంచు మెత్తటి లోహం. లీక్ ఆగాలని బోల్టులను బలంగా బిగించిన కొద్దీ చెవులు వంగి, మధ్యభాగం ఉబ్బుతుంది. అప్పుడు ఎంత కొత్త గాస్కెట్ వేసినా గాలి ఆగదు. ఒక చదునైన గాజు పలక మీద సన్నటి ఎమెరీ కాగితం పెట్టి, ఆ అంచును దాని మీద మెల్లగా రుద్దితే ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది, కొంతవరకు సరవుతుంది కూడా. బోల్టులు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదనే నమ్మకం ఇక్కడ నష్టమే చేస్తుంది.

మరచిపోయే చోట్లు కూడా ఉన్నాయి. వాక్యూమ్‌తో తెరుచుకునే పెట్రోల్ ట్యాప్ ఉన్న బండ్లలో దానికి ఇంజిన్ నుంచి ఒక సన్నటి గొట్టం వెళ్తుంది. కొన్ని మోడళ్లలో పొగ తగ్గించే ఏర్పాటుకు ఇంకో గొట్టం ఉంటుంది. వాక్యూమ్ కొలవడానికి ఉన్న రంధ్రాలకు చిన్న రబ్బరు టోపీలు తొడిగి ఉంటాయి. వీటిలో ఏది చీలినా, ఊడినా గాలి లోపలికి పోతుంది. ఐడిల్‌లో గాలి, పెట్రోల్ పాళ్లను సరిచేసే మిక్చర్ స్క్రూ కింద స్ప్రింగు, వాషరు, చిన్న ఓ-రింగు ఉంటాయి. శుభ్రం చేసేటప్పుడు ఆ ఓ-రింగు పోయినా ఆ రంధ్రం గుండానే గాలి లీకవుతుంది. కంటికి కనిపించనంత చిన్న రింగు కాబట్టి అది పోయిన సంగతి కూడా ఎవరూ గమనించరు.

లీక్‌ను పట్టుకోవడానికి సురక్షితమైన పద్ధతి నీళ్లు. ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా, సన్నటి స్ప్రేతో ఒక్కో జాయింట్ మీద కొద్దిగా నీళ్లు చల్లాలి. లీక్ ఉన్న చోట నీరు క్షణకాలం పగులును మూసేస్తుంది, ఇంజిన్ శబ్దం మారుతుంది. ప్లగ్ మీద, కాయిల్ మీద పడకుండా చూసుకోవాలి. బూట్‌ను చేత్తో గట్టిగా నొక్కి, ఒక వైపుకు వంచి చూసినా తేడా తెలియవచ్చు. కార్బరేటర్ క్లీనర్ స్ప్రే చేసి చూసే పద్ధతిని చాలామంది వాడతారు. లీక్ ఉంటే అది లోపలికి పీల్చుకుని వేగం స్పష్టంగా మారుతుంది. పద్ధతి పని చేస్తుంది, కానీ అది మండే ద్రవం, పక్కనే కాలుతున్న సైలెన్సర్ పైపు ఉంటుంది. నీళ్లతో తేలకపోతేనే, చాలా కొద్దిగా వాడాలి. ఏ పరీక్షైనా ఆరుబయటే చేయాలి. మూసిన గదిలో ఇంజిన్ నడిపితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

లీక్ దొరికాక పైనుంచి సిలికాన్ సీలెంట్ పూయడం పరిష్కారం కాదు. మామూలు సిలికాన్ పెట్రోల్ తగిలితే ఉబ్బి, ముక్కలుగా ఊడుతుంది. ఆ ముక్కలు ఇంజిన్‌లోకే వెళ్తాయి. బూట్, ఓ-రింగు, గొట్టం ఏదైతే పాడైందో దాన్ని మార్చాలి.

టూ స్ట్రోక్ బండ్లకు ఈ విషయంలో ప్రత్యేక హెచ్చరిక అవసరం. వాటిలో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివరల్లోని సీళ్ల నుంచి కూడా గాలి లీకవుతుంది, ముఖ్యంగా మాగ్నెట్ వైపు సీల్ నుంచి. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి వాడే టూ స్ట్రోక్‌లో లీన్ మిక్చర్ అంటే పిస్టన్‌కు అందే నూనె కూడా తగ్గడమే. రేసింగ్ అవుతున్న టూ స్ట్రోక్‌ను అలాగే నడిపితే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. ఫోర్ స్ట్రోక్‌లో ఇబ్బందిగా కనిపించే లోపం ఇక్కడ ఇంజిన్‌నే పోగొడుతుంది.

పైలట్ జెట్, ఐడిల్ స్క్రూ ఉచ్చు

పెట్రోల్ తక్కువైతే ఇంజిన్ ఆగిపోవాలి గానీ రేసింగ్ ఎందుకవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కార్బరేటర్‌లో కంటే మనిషి చేసే పనిలో ఉంది.

ఐడిల్‌లో పెట్రోల్ ఇచ్చేది పైలట్ జెట్. చిన్న బైకుల్లో దాని రంధ్రం అర మిల్లీమీటర్ కంటే సన్నం. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే కార్బరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్ ఆవిరై, జిగురులాంటి పొర మిగులుతుంది. పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటే అది గాలిలోని తేమను పీల్చుకుని లోపలి లోహాన్ని కూడా తినవచ్చు. ముందుగా మూసుకుపోయేది ఈ సన్నటి రంధ్రమే. అప్పుడు బండి ఐడిల్‌లో నిలవదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. ఆగిపోతోందని ఐడిల్ స్క్రూను రెండు మూడు చుట్లు లోపలికి తిప్పుతారు. స్లైడ్ పైకి లేస్తుంది. ఇప్పుడు ఇంజిన్ పైలట్ జెట్ మీద ఆధారపడటం మానేసి, పై దశలో పని చేయాల్సిన దారుల నుంచి పెట్రోల్ తీసుకుంటుంది. ఆ దారులు నిలకడైన ఐడిల్ కోసం చేసినవి కావు. చల్లగా ఉంటే చాలదు, వేడెక్కి రాపిడి తగ్గగానే తలుపు తెరిచి ఉన్న మేరకు వేగం ఎగబాకుతుంది. రేసింగ్ ఎక్కువైందని స్క్రూ విప్పితే మళ్లీ ఆగిపోతుంది. మధ్యలో నిలిచే స్థానమే దొరకదు. రేసింగ్, ఆగిపోవడం రెండూ ఒకే బండిలో కనిపిస్తే కారణాలు రెండని అనుకోనక్కర్లేదు, ఒక్క పైలట్ జెట్ చాలు.

శుభ్రం చేసేటప్పుడు జెట్ ఒక్కటే కడిగితే సరిపోదు. జెట్ నుంచి గాలి దారిలోకి వెళ్లే సన్నటి సొరంగాలు, మిక్చర్ స్క్రూ కూర్చునే రంధ్రం కూడా క్లీనర్‌తోనూ కంప్రెషర్ గాలితోనూ శుభ్రం చేయాలి. ఒక చివర స్ప్రే చేస్తే మరో చివర ధార స్పష్టంగా రావాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇత్తడి జెట్‌ను ఇనుప తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదైతే ఇక ఏ సెట్టింగూ నిలవదు.

జెట్ శుభ్రంగా ఉన్నా లీన్‌గా మారే పరిస్థితులున్నాయి. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తీసేసి చిన్న ఫిల్టర్ నేరుగా తగిలించినా, సైలెన్సర్ మార్చినా గాలి ప్రవాహం పెరుగుతుంది, జెట్‌లు మాత్రం పాతవే. ఫ్లోట్ ఎత్తు తప్పి గిన్నెలో పెట్రోల్ మట్టం తగ్గినా అంతే. ఇథనాల్ కలపని పెట్రోల్ పూర్తిగా మండటానికి ఒక పాలు పెట్రోల్‌కు బరువులో 14.7 పాళ్లు గాలి కావాలి. 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు దాదాపు 14.1 చాలు. అంటే పాత సెట్టింగులున్న కార్బరేటర్ అదే జెట్‌లతో కొంచెం లీన్ వైపు జరుగుతుంది. బాగున్న బండిలో ఈ తేడా పెద్దగా తెలియదు. అప్పటికే లీన్ అంచున ఉన్న బండిని మాత్రం అది హద్దు దాటించవచ్చు.

ఇగ్నిషన్ పాత్ర

అన్నీ సరిగా ఉండి రేసింగ్ 2,000 పైన వేలాడుతుంటే ప్లగ్ మండే సమయాన్ని చూడాలి. ఐడిల్‌లో పిస్టన్ పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందు, చాలా ఇంజిన్లలో 10 నుంచి 15 డిగ్రీల ముందు, ప్లగ్ మండుతుంది. వేగం పెరిగే కొద్దీ ఇది ఇంకా ముందుకు జరిగి 30 డిగ్రీల దాకా వెళ్తుంది. పాత బండ్లలో ఈ పని స్ప్రింగులతో పట్టి ఉంచిన రెండు చిన్న బరువులు చేస్తాయి. స్ప్రింగులు సాగినా, బరువుల ఇరుసులు తుప్పు పట్టినా అవి వెనక్కి రావు. తక్కువ గాలితోనే ఇంజిన్ ఎక్కువ బలం తీస్తుంది, వేగం పెరుగుతుంది, పెరిగిన వేగం ఆ బరువులను బయటికే పట్టి ఉంచుతుంది. ఒకదాన్నొకటి నిలబెట్టుకునే వలయం ఇది. ఐడిల్‌ను అవసరం కంటే కొంచెం ఎక్కువగా సెట్ చేసినా ఇదే వలయం మొదలుకావచ్చు. ప్లగ్ ఏ క్షణంలో మండుతోందో చూపే టైమింగ్ లైట్ పెట్టి చూస్తే తేలిపోతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో ఈ లోపం అరుదు.

వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ) తప్పినా ఐడిల్ చెడుతుంది గానీ అది ఎక్కువగా వణుకుగా, ఎగుడుదిగుడుగా బయటపడుతుంది. కార్బరేటర్ సెట్టింగ్‌కు ముందు క్లియరెన్స్ చూసుకోవడం మాత్రం మంచి అలవాటు.

ఒకటి కంటే ఎక్కువ కార్బరేటర్లుంటే

రెండు లేదా నాలుగు కార్బరేటర్లున్న బైకుల్లో అన్ని తలుపులూ ఒకే మేర తెరుచుకోవాలి. ఒకటి కాస్త ఎక్కువ తెరిచి ఉంటే ఆ సిలిండర్ మిగతావాటిని ఈడుస్తుంది. ఐడిల్ స్క్రూ అన్నింటికీ కలిపి ఒక్కటే కాబట్టి, దాన్ని ఎంత తిప్పినా తేడా అలాగే ఉంటుంది. వాక్యూమ్ గేజ్‌లు తగిలించి, ఒక కార్బరేటర్‌ను ఆధారంగా పెట్టుకుని మిగతావాటిని దానికి సరిపోల్చాలి. లీక్‌లూ జెట్‌లూ సరిచేయకముందు ఈ పని చేస్తే కొలతలు తప్పుదారి పట్టిస్తాయి. లీకున్న సిలిండర్ వాక్యూమ్ తక్కువ చూపిస్తుంది, దాని తలుపు ఎక్కువ తెరిచి ఉందని పొరబడే అవకాశం ఉంది.

చివరగా సెట్టింగ్

అసలు కారణం తొలగాకే స్క్రూల వంతు. ముందు మిక్చర్ స్క్రూ ఎక్కడుందో చూడాలి. అది ఇంజిన్ వైపు ఉంటే సాధారణంగా పెట్రోల్ మిశ్రమాన్ని అదుపు చేస్తుంది, బయటికి విప్పితే మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని అదుపు చేస్తుంది, లోపలికి తిప్పితే రిచ్ అవుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పితే సరిచేయాలనుకున్న దానికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. స్క్రూను లోపలికి మెల్లగా ఆనేదాకా మాత్రమే తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోవాలి. గట్టిగా బిగిస్తే దాని సన్నటి మొన విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది. మాన్యువల్ చెప్పిన చుట్ల దగ్గర మొదలుపెట్టాలి, చాలా బైకుల్లో అది ఒకటిన్నర నుంచి రెండున్నర మధ్య ఉంటుంది.

వేడెక్కిన ఇంజిన్ మీద ఐడిల్ స్క్రూతో వేగాన్ని మాన్యువల్ అంకెకు తేవాలి. మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ అన్నిటికంటే వేగంగా, సాఫీగా తిరిగే చోటు వెతకాలి. అక్కడ వేగం పెరిగితే ఐడిల్ స్క్రూతో తిరిగి తగ్గించాలి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే ఇక పెరగని స్థానం దొరుకుతుంది. మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజిన్ పట్టించుకోకపోతే పైలట్ దారి ఇంకా శుభ్రం కాలేదని, లేదా లీక్ మిగిలే ఉందని అర్థం.

ఐడిల్ స్క్రూను వెనక్కి విప్పినప్పుడు స్లైడ్ కిందికి దిగుతుంది, దానితో కేబుల్‌లో ఉన్న లూజు తగ్గుతుంది. అందుకే సెట్టింగ్ పూర్తయ్యాక గ్రిప్ దగ్గర లూజు మళ్లీ కొలవాలి. తర్వాత హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, రెండు వైపులా ఇంజిన్ శబ్దం మారడం లేదని చూసుకున్నాకే బండిని రోడ్డెక్కించాలి.